పెద్దలను ఏమని అడగాలి: ఇంటి అనుభవాన్ని రాబట్టి రాసిపెట్టుకునే పద్ధతి

ఇంట్లో పెద్దవారి పక్కన కూర్చుని "మీ జీవితంలో నేర్చుకున్నదేమిటి" అని అడిగితే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు వస్తుంది: కష్టపడాలి, అప్పు చేయకూడదు, నలుగురితో మంచిగా ఉండాలి. ఈ మాటల్లో అబద్ధమేమీ లేదు గాని, ఆ మనిషి మాత్రమే చెప్పగలిగిన సంగతి కూడా ఏదీ లేదు. అదే తాతయ్యను "చిన్నత్త పెళ్లికి డబ్బు ఎక్కడి నుంచి తెచ్చారు తాతయ్యా" అని అడిగి చూడండి. ముందుగా ఎవరి గుమ్మం ఎక్కారో, ఎవరు లేదన్నారో, ఎవరు అడగకుండానే తెచ్చి చేతిలో పెట్టారో, నూటికి వడ్డీ ఎంతో, ఆ బాకీ ఏ పంట మీద తీరిందో ఒక్కొక్కటిగా బయటికి వస్తాయి. అప్పు చేయకూడదని చెప్పిన మనిషే ఎప్పుడు చేయవలసి వచ్చిందో, ఏ ధీమాతో చేశాడో, ఎలా గట్టెక్కాడో అందులో ఉంటుంది. సలహా అడగకుండా జరిగిన సంగతిని అడగడమే ఇక్కడ వివరించబోయే పద్ధతికి పునాది.

ఇది చరిత్రకారులే చేయవలసిన పని కాదు. గీతల నోటు పుస్తకం ఒకటి, చేతిలో ఉండే ఫోను, తొందర లేని మనసు ఉంటే ఎవరైనా చేయవచ్చు. అయితే పద్ధతి తెలియకుండా మొదలుపెట్టినవారికి నీతి వాక్యాలో, పొగడ్తలో, పాత తగాదాలో మిగులుతాయి తప్ప పనికొచ్చేది దొరకదు.

ఎవరిని, ఎప్పుడు

చాలామంది ఇంటి యజమాని అనిపించుకున్న మగమనిషి దగ్గర మొదలుపెడతారు. అందులో తప్పు లేదు, అక్కడే ఆగిపోవడం తప్పు. కాగితాల మీద సంతకాలు పెట్టినవారు ఒకరైతే, ఏ నెలలో ఏ ఖర్చు ఆపాలో, పాలవాడికి ఎంత బాకీ ఉందో, ఏ చుట్టం ముందు ఏ ప్రస్తావన ఎత్తకూడదో మనసులో పెట్టుకుని ఇల్లు నడిపినవారు తరచు మరొకరు. "అప్పుడు చీటీ పాడి డబ్బు తెచ్చాం" అని తాతయ్య ఒక్క వాక్యంలో ముగించిన సంగతికి, ఆ తరువాత నెలనెలా వాయిదా కట్టడానికి ఏమేమి మానుకున్నారో నాయనమ్మ దగ్గర అరగంట కథ ఉంటుంది. పెళ్లి కాక పుట్టింట్లోనే ఉండిపోయిన మేనత్త, ఇల్లరికం వచ్చిన బాబాయి, ఏళ్ల తరబడి ఇంట్లో పనిచేసిన పాలేరు వంటివారు కుటుంబాన్ని కాస్త పక్కనుంచి చూసినవారు కాబట్టి లోపలివారికి కనిపించనివి వారికి కనిపించి ఉంటాయి. వారిని తప్పకుండా అడగాలి.

ఎదురుగా కుర్చీ వేసుకుని, ఫోను బల్ల మీద పెట్టి, "ఇక చెప్పండి" అంటే ఏ పెద్దవారికైనా మాట పెగలదు. చేతికి పని ఉన్నప్పుడు మాట దానంతటదే వస్తుంది. అమ్మమ్మ చింతపండులో ఈనెలు, గింజలు తీస్తున్నప్పుడు మీరూ ఒక చాట ముందుకు లాక్కుని కూర్చోండి. ఆమె కళ్లు చాట మీద ఉంటాయి, మీ కళ్లూ చాట మీదే ఉంటాయి, కాబట్టి ఎదురెదురుగా చూసుకుంటూ చెప్పలేని సంగతులు కూడా దొర్లుతాయి. తాతయ్యతోనైతే పొలం గట్టు మీద నడుస్తున్నప్పుడు గాని, పెళ్లికో ఆస్పత్రికో వెళ్లే బస్సులో పక్క సీటులో కూర్చున్నప్పుడు గాని అడగడం మేలు. ఇంట్లో అయితే మధ్యాహ్నం కునుకు తీసి లేచి టీ తాగిన వేళ మంచిది. సీరియల్ వచ్చే వేళ మాత్రం ఏ ప్రశ్నా వేయకండి, వేసినా జవాబు రాదు.

దంపతులను ఒకేచోట కూర్చోబెట్టి అడగకపోవడం మంచిది. ఒకరు చెబుతుంటే మరొకరు "అది కాదు" అని అందుకుంటారు, లేదా ఒకరి ముందు మరొకరు మౌనంగా ఉండిపోతారు. ముఖ్యంగా అత్తగారింట్లో తొలి ఏళ్లు ఎలా గడిచాయన్న ప్రశ్న ఏ స్త్రీనైనా ఆమె భర్త లేనప్పుడే అడగాలి. విదేశాల్లో స్థిరపడిన పిల్లల దగ్గరికి కొన్ని నెలల కోసం వెళ్లిన తల్లిదండ్రులకు పగలంతా తోచదు, బయటికి వెళ్లడానికి కారు నడపడం రాదు, పలకరించే ఇరుగుపొరుగు ఉండరు. అక్కడి పిల్లలు ఈ పనికి అంతకన్నా మంచి అవకాశం మరొకటి దొరకదని గుర్తించాలి. వారాంతాల్లో చూడవలసిన ప్రదేశాల జాబితా కొంత తగ్గించుకున్నా ఫరవాలేదు.

సంవత్సరం పట్టుకోవడం

పెద్దవారిని "అది ఏ సంవత్సరం" అని సూటిగా అడిగితే తడబడతారు, లేదా మీ తృప్తి కోసం ఏదో ఒక అంకె చెబుతారు. వారి జ్ఞాపకం క్యాలెండరు ప్రకారం కాక ఊరంతటికీ తెలిసిన ఘటనల చుట్టూ అల్లుకుని ఉంటుంది కాబట్టి మనమే అలాంటి గుర్తులను ముందుగా సిద్ధం చేసుకుని వెళ్లాలి. అన్నిటికన్నా నమ్మకమైనవి పుష్కరాలు. గోదావరికి 1979, 1991, 2003, 2015లో, కృష్ణకు 1980, 1992, 2004, 2016లో పుష్కరాలు వచ్చాయి. "కృష్ణా పుష్కరాలకు వెళ్లినప్పుడు పెద్దమామయ్య పుట్టాడా, ఇంకా పుట్టలేదా" అని అడిగితే జవాబు తడుముకోకుండా వస్తుంది.

కృష్ణా, గుంటూరు ప్రాంతాల వారికి 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన, కోనసీమ వారికి 1996 నవంబరు తుఫాను, గోదావరి గట్టున ఉన్నవారికి 1986 ఆగస్టు వరద చెరగని గుర్తులు. తెలంగాణలో తొంభై దాటినవారికి 1948 సెప్టెంబరుకు ముందున్న రజాకార్ల కాలం, ఆ తరువాతి తరానికి 1969 ఉద్యమం గుర్తుంటాయి. కరణాలు, మునసబుల పదవులు పోయింది 1984లో, రెండు రూపాయలకు కిలో బియ్యం మొదలైంది 1983లో. తేదీ నెల వరకు కావాలంటే పండగతోనో కార్తెతోనో ముడిపెట్టి అడగండి. మృగశిరకు ముందా, తరువాతా అన్నది రైతు కుటుంబంలో ఎవరూ మరిచిపోరు.

ఈ గుర్తులు తేదీ నిర్ణయించడానికే కాక మనిషి స్వభావం తెలుసుకోవడానికి కూడా ఉపయోగపడతాయి. 1979 జులైలో స్కైలాబ్ అనే అంతరిక్ష కేంద్రం భూమి మీద పడబోతున్నదని తెలిసినప్పుడు మన పల్లెల్లో చాలా చోట్ల ఇక అంతా అయిపోయిందనుకున్నారు, ఉన్న కోళ్లనూ మేకలనూ కోసుకు తిన్నవారి కథలు ఇప్పటికీ చెప్పుకుంటారు. చివరికి అది ఆస్ట్రేలియా వైపు పడింది. అప్పటికి మనకు పునర్వసు కార్తె, సేద్యం పనులు ముమ్మరంగా సాగే కాలం. మీ తాతయ్యను "ఆ వారం పొలం పని ఆపారా, చేశారా" అని అడగండి. అందరూ భయపడినప్పుడు ఆయన ఏం చేశాడో, ఇంట్లో ఎవరి మాట నెగ్గిందో దాని వల్ల తెలిసినంతగా "మీరు ధైర్యవంతులా" అని అడిగితే తెలియదు.

డబ్బు సంగతికి వస్తే, అంకె ఒక్కటే రాసుకుంటే ఏమీ అర్థం కాదు. 1957 ఏప్రిల్‌లో నయాపైసలు వచ్చే వరకు రూపాయికి 16 అణాలు. నయాపైసలు వచ్చాక కూడా పెద్దవారి నోట బేడ (రెండణాలు), పావలా (నాలుగణాలు) చాలాకాలం ఆడాయి. కాబట్టి ఎంత మొత్తం చెప్పినా వెంటనే ఆ ఏడాది రోజు కూలి ఎంతో, బస్తా ధాన్యం ఎంతకు అమ్మారో, కాసు బంగారం ఎంత పలికిందో కూడా అడగండి. మూడింటిలో ఒకటి తప్పక గుర్తుంటుంది. "ఎనిమిది వందలకు ఇల్లు కొన్నాం" అన్న మాట విని మనం నవ్వుకుంటాం గాని, అది ఎన్నాళ్ల కూలితో సమానమో లెక్క కడితే నవ్వు ఆగిపోతుంది. పొలం కొలత విషయంలో కూడా ఎకరానికి ఆంధ్రలో 100 సెంట్లు, తెలంగాణలో 40 గుంటలు అన్న తేడా గుర్తుపెట్టుకోవాలి.

ప్రశ్న వేసే తీరు

టీవీ విలేకరులు అలవాటు చేసిన "మీకెలా అనిపించింది" అన్న ప్రశ్నను పూర్తిగా వదిలేయడం మంచిది. దానికి "ఏముంది, బాధనిపించింది" అన్నదే జవాబు. దాని బదులు "ఆ కబురు ఎవరు తెచ్చారు", "అప్పుడు మీరెక్కడున్నారు", "ముందు ఎవరితో ఆలోచించారు", "వద్దన్నదెవరు", "ఆ రాత్రి వంట ఎవరు చేశారు" అని అడగాలి. చివరి ప్రశ్న అల్పంగా కనిపిస్తుంది గాని, ఇంట్లో చావు జరిగిన రోజున ఏ పక్కింటివారు అన్నం వండి పంపారో, ఏ దగ్గరి బంధువు రాలేదో దాని ద్వారానే తెలుస్తుంది. ఆ పక్కింటివారితో నేటికీ మీ ఇంటికి ఎందుకంత చనువో కూడా అప్పుడే అర్థమవుతుంది.

ప్రతి పెద్ద నిర్ణయానికీ మరో దారి ఉండే ఉంటుంది. పొలం అమ్మి పట్నం వచ్చినవారికి అమ్మకుండా ఉండిపోయే దారి కూడా ఉంది. తెలుగు కుటుంబాల్లో వలస లేని వంశం అరుదు. తుంగభద్ర కాలువల కింద భూమి కోసం కర్ణాటకలోని గంగావతి, సింధనూరు వైపు వెళ్లి క్యాంపులని పిలిచే ఊళ్లలో స్థిరపడిన కోస్తావారు, నిజాంసాగర్ కింద బోధన్, వర్ని ప్రాంతాలకు వెళ్లినవారు, బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మూడు ముక్కల్లో తమ వలస చరిత్ర చెప్పుకునే తెలంగాణవారు ఇందుకు ఉదాహరణలు. వీరిని "ఎందుకు వెళ్లారు" అని అడిగితే "బతుకుదెరువుకు" అంటారు. "మీతోపాటు బయలుదేరి, ఏడాదిలోపే తిరిగి వచ్చేసినవారు ఎవరైనా ఉన్నారా, వారెందుకు వచ్చేశారు" అని అడిగితే నిలబడినవారికి ఏది కలిసి వచ్చిందో, అందులో కష్టం పాలు ఎంతో, మేనమామ ముందే అక్కడ ఉండడం వంటి అదృష్టం పాలు ఎంతో బయటపడుతుంది. నెగ్గినవారు తమ కష్టాన్నే ఎక్కువగా తలచుకుంటారు. అది సహజం, కాని వినేవారు రెండూ పట్టుకోవాలి.

మాట మధ్యలో ఆగిపోతే వెంటనే మరో ప్రశ్న వేయకండి. చాలామంది ఆ నిశ్శబ్దాన్ని భరించలేక ఏదో ఒకటి అడిగేస్తారు, దానితో రాబోతున్న సంగతి వెనక్కి వెళ్లిపోతుంది. చేతిలోని చింతపండు పని చూసుకుంటూ కూర్చుంటే చాలు. చెప్పిన కథే మళ్లీ చెబుతున్నా విసుక్కోకుండా విని, గతసారి కన్నా ఏ ముక్క కొత్తగా చేరిందో, ఏది జారిపోయిందో గమనించాలి.

పెట్టెలో కాగితాలు

నోటి మాటకు ఊతమిచ్చేవి ఇంట్లోని పాత కాగితాలు. ట్రంకు పెట్టెలో పాసు పుస్తకాలు, శిస్తు రసీదులు, పెళ్లి శుభలేఖలు, రేషను కార్డులు, పోస్టు కార్డులు ఉంటాయి. వీటన్నిటిలోకీ విలువైనది, ఎవరూ పట్టించుకోనిది చదివింపుల పుస్తకం. కొన్ని చోట్ల కట్నాల పుస్తకం అంటారు. పెళ్లి పందిట్లో నమ్మకమైన బంధువు ఒకరు నోటు పుస్తకం పట్టుకుని కూర్చుని, ఎవరు ఎంత చదివించారో పేరు, ఊరు, మొత్తంతో సహా రాస్తారు. 116, 516, 1116 అని అంకెలు, మధ్యమధ్య "స్టీలు బిందె 1", "గోడ గడియారం 1" అని వస్తువులు. తరువాత ఆ ఇళ్లలో పెళ్లి వచ్చినప్పుడు ఈ పుస్తకం తీసి చూసి, వారు పెట్టినదానికి తగ్గకుండా పెట్టడం మర్యాద.

ఆ పుస్తకాన్ని నాయనమ్మ ఒళ్లో పెట్టి, మొదటి పేజీ నుంచి ఒక్కో పేరు చదువుతూ "వీరెవరు నాయనమ్మా" అని అడుగుతూ వెళ్లండి. వరసలు వాటంతటవే తేలుతాయి. కాని అంతకన్నా ముఖ్యమైన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. తాహతుకు మించి పెట్టినవారెవరు, ఎందుకు పెట్టారు? బాగా ఉన్నవారై ఉండి చాలా తక్కువ పెట్టినవారికి ఆ సంవత్సరం ఏం కష్టం వచ్చింది? ఉండవలసిన పేరు ఏది కనిపించడం లేదు? సొంత తోడికోడలి పుట్టింటివారి పేరు పుస్తకంలో లేదంటే దాని వెనక మాటపట్టింపు ఉండి తీరుతుంది, ఆ పట్టింపు ఎప్పుడు, ఎవరి చొరవతో తీరిందో అడిగితే చెడిన సంబంధాన్ని మళ్లీ అతికించడం ఎలాగో ఆచరణలో చేసి చూపినవారి నోటినుంచే వినవచ్చు. పొలానికి నీరు పెట్టే కూలీ పెట్టిన అయిదు రూపాయలను నాయనమ్మ ఇప్పటికీ తలచుకుంటుందంటే, ఆయన కూతురి పెళ్లికి ఈ ఇంటి నుంచి ఏం వెళ్లిందో కూడా అడిగి రాసుకోండి. పెట్టినవీ తిరిగి పెట్టినవీ అన్నీ సమానంగా ఉండవు, ఎవరి దగ్గర లెక్క చూడకూడదో తెలుసుకోవడానికి కూడా ఆ పుస్తకమే పనికివస్తుంది.

ప్రామిసరీ నోట్లు దొరికితే వాటినీ అలాగే చదవాలి. నోటు మీద దావా వేయడానికి గడువు 3 సంవత్సరాలు. ఆ లోపల బాకీదారు ఎంతో కొంత చెల్లించి, నోటు వెనక చెల్లు రాసి సంతకం పెడితే అక్కడి నుంచి మళ్లీ 3 సంవత్సరాలు నడుస్తుంది. యాభై రూపాయల చెల్లు కనిపిస్తే అది బాకీ తీర్చడానికి వేసినది కాదు, ఇద్దరూ ముఖాలు చూసుకునేలా ఉండడానికి వేసినదని అర్థం చేసుకోవచ్చు. ఏ చెల్లూ లేకుండా కాలదోషం పట్టిన నోటు ఇంకా పెట్టెలో భద్రంగా ఉంటే, దావా ఎందుకు వేయలేదని తప్పకుండా అడగండి. మరిచిపోయారా, దయతలచారా, వియ్యంకుడన్న మొహమాటమా? డబ్బు, బంధుత్వం ఎదురుపడినప్పుడు మీ ఇంట్లో ఏది గెలిచిందో ఆ ఒక్క కాగితం చెబుతుంది.

పని నేర్పేవారి దగ్గర

ఇంటి బయట మనకు విద్య నేర్పినవారి విషయంలో పద్ధతి కొంచెం మారుతుంది. చేతి పనిలో ఆరితేరినవారు చాలామంది తాము చేసేదాన్ని మాటల్లో పెట్టలేరు. "ఎందుకలా చేశారు" అంటే "అలాగే చేయాలి" అంటారు. "ఏం చూసి అలా అనుకున్నారు" అని అడిగితే మాత్రం గుట్టు విప్పుతారు. తాపీ మేస్త్రి లారీలో వచ్చిన ఇసుకను వద్దని తిప్పి పంపితే, ఆయన దగ్గర పని నేర్చుకునే కుర్రవాడు ఆ ప్రశ్నే వేయాలి. అప్పుడాయన గుప్పెడు ఇసుక తీసి అరచేతుల మధ్య రుద్ది, దులిపేసి, చేతికి అంటిన మట్టిని చూపిస్తాడు. ఇటుకను గోడలో పెట్టే ముందు నీళ్లలో ఎందుకు నానబెట్టాలో అడిగితే, పొడి ఇటుక సిమెంటు కలిపిన మాలులోని తడిని పీల్చేస్తుందని, ఆ మాలు పట్టు విడిచిపోతుందని వివరిస్తాడు. రసమట్టం, గుండు కట్టిన దారం ఎలా వాడాలో ఎవరైనా నేర్పుతారు. వాటిని తీయకముందే గోడ వంకరని ఆయనకు ఎలా తెలిసిందన్నదే అడగవలసింది.

ఇలాంటి ప్రశ్నలు పని జరుగుతుండగా కాక పని ముగిశాక, చేతులు కడుక్కుని టీ తాగే వేళ వేయాలి. కోర్టులో సీనియరు న్యాయవాదిని గాని, వార్డులో పెద్ద నర్సును గాని, బడిలో అనుభవమున్న మాస్టారిని గాని ఇదే విధంగా అడగవచ్చు. అడగడానికి ముందు వారికి ఏదో ఒక పనిలో ఆసరాగా ఉండడం మన మర్యాద. ఊరికే వచ్చి అడిగేవారికి ఊరికే దొరికే జవాబులే దొరుకుతాయి.

వంట కూడా ఇటువంటి విద్యే. ఆవకాయ కలిపే పెద్దమ్మను కొలతలు చెప్పమంటే "ఉరమరగా వేస్తాను" అంటుంది. ఆమెను ఆపి ప్రతి గుప్పెడునూ కొలవబోతే చిరాకుపడుతుంది, చేయి తప్పుతుంది కూడా. ముక్కలను ముందే తూచి ఉంచండి, ఉప్పు డబ్బానూ, కారం డబ్బానూ, ఆవపిండి డబ్బానూ కలపడానికి ముందు ఒకసారి, కలిపిన తరువాత ఒకసారి తూచండి. తగ్గిన బరువే ఆమె కొలత. అయితే కొలత సగమే. జాడీకి వాసెన కట్టి, మూడోనాడు విప్పి తిరగకలిపి, అప్పుడు ఉప్పు చూస్తుంది. మొదటి రోజు ఎవరైనా రుచి చూసి ఉప్పు తక్కువైందో ఎక్కువైందో అంటే పట్టించుకోదు, ఎందుకంటే ముక్క నుంచి ఊట దిగితే గాని అసలు రుచి తేలదు. ఆ మూడు రోజులు ఆమె దేనికోసం ఆగుతుందో, మూడోనాడు ఏం చూసి ఇంకా ఉప్పు వేస్తుందో మీరు దగ్గర నిలబడి రాసుకోకపోతే గ్రాముల లెక్క వల్ల ప్రయోజనం లేదు.

చెప్పడానికి ఇష్టపడని సంగతులు

ప్రతి కుటుంబంలోనూ ఆస్తి పంపకాలు, పసితనంలో పోయిన పిల్లలు, కులం కాని పెళ్లి, మాటలు లేని అన్నదమ్ములు వంటి విషయాలు ఉంటాయి. వీటిని మొదటిసారి కూర్చున్నప్పుడే తవ్వడం అమర్యాద. వారంతట వారే ఎత్తితే వినాలి, "ఇది రాయకు నాయనా" అంటే కలం పక్కన పెట్టాలి, ఫోను రికార్డింగు ఆపినట్టు వారికి కనిపించేలా ఆపాలి. అలా విన్నదాన్ని కుటుంబ వాట్సాప్ గ్రూపులో పెట్టడం నమ్మకద్రోహం, ఒకసారి అలా జరిగితే ఆ ఇంట్లో ఇంకెవరూ మీ ముందు నోరు విప్పరు.

పంపకాల సంగతిలో కనీసం ఇద్దరి మాట వినకుండా అభిప్రాయం ఏర్పరచుకోకూడదు. పెదనాన్న కొడుకుల ఇంట్లో ఒక కథ, బాబాయి కొడుకుల ఇంట్లో మరో కథ ఉంటాయి, రెండూ నిజాయితీగా చెప్పినవే కావచ్చు. చెరువు కింద పొలం ఎవరికి, మెట్ట ఎవరికి వచ్చిందో, తల్లిని ఎవరు చూసుకోవాలని ఒప్పందమో, ఊరి పెద్దలు ఎవరు కూర్చున్నారో విడివిడిగా అడిగి పక్కపక్కన రాసుకోండి. ఆడపిల్లలకు ఏమిచ్చారన్నది కూడా అడగాలి. ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు కొడుకులతో సమాన హక్కునిచ్చే హిందూ వారసత్వ చట్ట సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచి అమలులోకి వచ్చింది, అప్పటికే పెళ్లయినవారికి అది వర్తించలేదు. దేశమంతటా 2005లో వచ్చింది. అంతకు ముందు జరిగిన పంపకాల్లో మేనత్తలకు పసుపు కుంకుమల కింద రాసిచ్చిన అరెకరమో, ఏమీ ఇవ్వకపోవడమో ఆ కాలపు చట్టం నీడలో జరిగినవే. ఆ నీడలో కూడా అన్నలతో పోట్లాడి చెల్లెలికి భాగం పెట్టించినవారు ఉంటారు. అటువంటి మనిషి మీ వంశంలో ఉంటే ఆయన పేరు రాసిపెట్టుకోవలసిందే.

సలహాను దాని కాలంలో పెట్టి చూడడం

ఇంత విన్నాక కూడా పెద్దలు చెప్పినదంతా నేటికి పనికివస్తుందని కాదు. కాని తోసిపుచ్చేముందు అది ఏ పరిస్థితిలో పుట్టిందో చూడాలి. "బంగారం ఎప్పుడూ ఇంట్లో ఉండాలి, బ్యాంకును నమ్మకు" అని ఒక తాతమ్మ చెబితే, ఆమె కాపురానికి వచ్చిన నాటికి ఆమె ఊరికి బ్యాంకే లేదని గుర్తుంచుకోవాలి. 1969 జులైలో 14 బ్యాంకులను జాతీయం చేసిన తరువాతే పల్లెల్లో శాఖలు విరివిగా తెరిచారు. అంతకు ముందు రాత్రికి రాత్రి డబ్బు కావాలంటే షావుకారు, ఆయన దగ్గర కుదువ పెట్టడానికి గొలుసు, ఇవే దిక్కు. కాబట్టి ఆమె మాటలో బంగారం పైకి కనిపించేది మాత్రమే, ఒక్క రోజులో చేతికి అందే సొమ్ము కొంత ఎప్పుడూ ఉండాలన్నదే అందులోని సారం. నేడు అది ఏ రూపంలో ఉండాలన్నది మీరు నిర్ణయించుకోవచ్చు. నా మటుకు నేను పెద్దల సలహాల్లో సగం ఇలా సందర్భం విప్పి చూస్తే చక్కగా నిలుస్తాయని, మిగిలిన సగం వారి భయాలేనని అనుకుంటాను. భయాలు కూడా రాసుకోదగినవే, పాటించనవసరం లేదంతే.

విన్నదాన్ని రాయడం

రికార్డు చేసేటప్పుడు ముందుగా అనుమతి అడిగి, చెప్పేవారి పేరు, తేదీ, ఊరు మీ గొంతుతో చెప్పి మొదలుపెట్టండి. ఫ్యాను శబ్దం కన్నా కుక్కరు కూత, టీవీ ఎక్కువ పాడుచేస్తాయి. అరగంటకు మించి సాగదీయకండి. ఆ రోజే, నిద్రపోయే లోపు, ముఖ్యమైన సంగతులు నోటు పుస్తకంలో రాయాలి. రికార్డింగు ఉంది కదా అని వాయిదా వేసినవారి ఫోనుల్లో వినని గంటలు పేరుకుపోతాయి. ఫోనులో ఉన్నదాన్ని మరో చోటికి కూడా కాపీ చేసి, పేరులో మనిషి, తేదీ, విషయం ఉండేలా పెట్టుకోవాలి.

రాసేటప్పుడు వారి మాటను పత్రికల భాషలోకి సరిదిద్దవద్దు. జేజి (నాయనమ్మ) "అబ్బ సేద్యానికి పాయె" అంటే అలాగే రాయాలి. గిడుగు రామమూర్తి సవర భాష నేర్చుకోవడానికి ఆ భాష మాట్లాడే మనిషిని ఇంట్లోనే పెట్టుకుని, ఆయన నోట విని నేర్చుకున్నారు. మన ఇంటివారి మాటకు ఆ మాత్రం గౌరవమైనా ఇవ్వాలి. పైగా మాట మారిస్తే మనిషి కూడా మారిపోతాడు.

నోటు పుస్తకంలో కుడి పేజీలోనే రాసి, ఎడమ పేజీ ఖాళీగా వదలండి. రాసినది ఒకసారి చెప్పినవారికే చదివి వినిపించాలి. వింటూ ఉండగా "ఆగు, అది మంగళవారం కాదు" అంటూ వారు సరిదిద్దేవి, కొత్తగా గుర్తు చేసుకునేవి ఎడమ పేజీలో చేరతాయి. తరువాత పుస్తకం అత్తలకు, బాబాయిలకు చూపినప్పుడు ఎవరో ఒకరు "ఇలా జరగలేదు" అని తప్పకుండా అంటారు. వారితో వాదించకుండా కలం చేతికిచ్చి, ఎలా జరిగిందో ఆ ఎడమ పేజీలోనే వారి చేతి రాతతో రాయించి, కింద పేరు, తేదీ వేయించండి. కుడి పేజీలో ఉన్నదాన్ని మాత్రం ఎవరు చెప్పినా కొట్టివేయకండి.